మెరీనాలో పూడిక, నీటి నాణ్యత: ఒకే తాడుకు రెండు కొసలు

పడవలు అలల తాకిడి లేకుండా నిలబడాలని మెరీనా కడతారు. బయట అడ్డుగోడ, లోపల కుదురుగా ఉండే నీరు. ఆ కుదురే మెరీనాకు ప్రాణం, పూడికకు మూలం కూడా అదే. ఏటి నీళ్లు బిందెలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి పైన తేట, అడుగున మట్టి. మెరీనా కూడా అలాంటి బిందే. కాకపోతే ఇందులోకి ప్రతి పోటుకూ కొత్త బురద నీరు వస్తుంది. ఆటుకు తేరిన నీరు బయటికి పోతుంది, మట్టి లోపలే ఉండిపోతుంది.

నిర్వాహకుల దగ్గరికి ఫిర్యాదులు రెండు రకాలుగా వస్తాయి. ఆటు సమయంలో కీల్, అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే భాగం, నేలకు తగులుతోందనీ, ఇంజన్ చల్లబరిచే నీటి గొట్టంలోకి బురద ఎక్కుతోందనీ ఒక రకం. నీళ్లు వాసన వస్తున్నాయి, చేపలు తేలుతున్నాయి అని రెండో రకం. మొదటిదాన్ని సర్వే వాళ్లకు, రెండోదాన్ని ల్యాబుకు అప్పగించి ఎవరి దారిన వాళ్లను పోనివ్వడంతోనే చాలాచోట్ల పొరపాటు మొదలవుతుంది. రెండింటికీ తల్లివేరు ఒకటే: లోపలి నీటికీ బయటి నీటికీ మధ్య జరిగే మార్పిడి. మార్పిడి పెరిగితే నీరు బాగుపడుతుంది, దాంతోపాటు బురదా ఎక్కువ వస్తుంది. తగ్గితే పూడిక తగ్గుతుంది, నీరు మురుగుతుంది. ఏ మెరీనాకు ఎంత మార్పిడి కావాలో, ఆ నీరు ఏ పొరలోంచి, ఏ వేళలో రావాలో తేల్చుకోవడమే అసలు పని.

ఏ రేణువు ఎంతసేపట్లో దిగుతుంది

నిలకడగా ఉన్న 3 మీటర్ల లోతు నీటిలో 0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుక రేణువు ఆరు నిమిషాల్లో అడుగు చేరుతుంది. 0.01 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువుకు తొమ్మిది గంటలు పడుతుంది. వెయ్యో వంతు మిల్లీమీటరు ఉన్న బంకమట్టి రేణువుకైతే ముప్పై ఎనిమిది రోజులు. వ్యాసం పదో వంతుకు తగ్గితే దిగే వేగం వందో వంతుకు పడిపోతుంది కాబట్టి ఇంత తేడా.

ఈ లెక్క చూసి బంకమట్టి వచ్చిన దారినే పోతుందిలే అనుకుంటే దెబ్బతింటాం. మంచి నీటిలో ఆ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు తగలగానే ఆ వికర్షణ తగ్గి, ఒకదానికొకటి అంటుకుని దూదిపింజల్లాంటి ముద్దలు కడతాయి. ఆ ముద్ద సెకనుకు అర మిల్లీమీటరు వేగంతో దిగినా 3 మీటర్లు దిగడానికి గంటా నలభై నిమిషాలు చాలు. అంటే ఒక పోటుకు వచ్చిన బంకమట్టి తర్వాతి ఆటు లోపే అడుగు చేరగలదు. నది సముద్రంలో కలిసే చోట ఉన్న మెరీనాలు మిగతావాటికంటే త్వరగా పూడిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇసుక కథ వేరు. అది నీటిలో తేలుతూ లోపలిదాకా రాదు, తీరం వెంబడి దొర్లుకుంటూ వచ్చి ముఖద్వారం దగ్గరే మేట వేస్తుంది. కాబట్టి పూడిక ఎక్కడుందో చూస్తే అది ఏమిటో సగం తెలిసిపోతుంది. ద్వారం దగ్గర గట్టిగా, గరుకుగా తగిలితే తీరం ఇసుక. లోపలి మూలల్లో మెత్తగా ఉంటే బయటి నీటితో వచ్చిన బురద. వాననీటి కాలువ నోటి దగ్గర విసనకర్ర ఆకారంలో పేరుకుని ఉంటే అది మన ఒడ్డున పుట్టిందే. మూడింటికీ మూడు వైద్యాలు. తీరం ఇసుకను ఆపలేం, ద్వారం దాటించి అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ సీవే దగ్గర 1986 నుంచి ఇదే పని జరుగుతోంది. సముద్రంలోకి కట్టిన జెట్టీ కింద పది జెట్ పంపులు ఇసుకను లాగి, గొట్టాల ద్వారా ద్వారానికి అవతలివైపు తీరానికి పంపుతాయి. చిన్న మెరీనాకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ద్వారానికి ముందు ఇసుక పడేందుకు ఒక గొయ్యి తవ్వి ఉంచుకుని, అది నిండినప్పుడల్లా తీస్తే చాలు. బురదతో మాత్రం ఇంత సులువుగా తేలదు, కాబట్టి ఇక్కడి నుంచి దాని గురించే ఎక్కువగా చూద్దాం.

బురద వచ్చే మూడు దారులు

మొదటిది అందరికీ కనిపించేది: పోటు. రెండు హెక్టార్ల మెరీనా, ఆటులో 3 మీటర్ల లోతు, ఆటుపోట్ల తేడా 2 మీటర్లు అనుకుందాం. ప్రతి పోటుకూ 40,000 ఘనపు మీటర్ల నీరు లోపలికి వస్తుంది. ఆ నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల మట్టి ఉంటే ఒక్క పోటుకు వచ్చేది 4 టన్నులు. అందులో సగమే దిగిందనుకున్నా 2 టన్నులు. పోటు 12 గంటల 25 నిమిషాలకొకసారి వచ్చేచోట ఏడాదికి దాదాపు 705 పోట్లు. మొత్తం 1,410 టన్నుల పొడి మట్టి. కొత్తగా దిగిన బురద వదులుగా ఉంటుంది, ఒక ఘనపు మీటరులో పొడి మట్టి 400 కిలోలే ఉంటుందనుకుంటే 3,500 ఘనపు మీటర్ల పైచిలుకు పూడిక. అడుగంతా సమానంగా పరిస్తే ఏడాదికి 17, 18 సెంటీమీటర్లు. నిజానికి సమానంగా పరుచుకోదు. నీరు మందగించే చోట అర మీటరు, దారిలో 5 సెంటీమీటర్లు అన్నట్టుగా ఉంటుంది.

రెండోది సుడి. బయట నది లేదా ప్రవాహం ద్వారం ముందు నుంచి అడ్డంగా సాగుతుంటే, ద్వారం లోపల ఒక పెద్ద గుండ్రటి సుడి ఏర్పడుతుంది. సుడి అంచున బయటి నీరు, లోపలి నీరు నిరంతరం కలుస్తుంటాయి. ఆటుపోట్లతో పని లేకుండా బురద లోపలికి చేరుతుంది, సుడి మధ్యలో వేగం తక్కువ కాబట్టి అక్కడ తిన్నెలా పేరుకుంటుంది. ద్వారం వెడల్పు ఎంత ఎక్కువైతే ఈ మార్పిడి అంత ఎక్కువ. రాకపోకలకు కావలసినదానికంటే వెడల్పుగా ద్వారం వదిలేసిన మెరీనాలు ఈ తప్పుకు ప్రతి ఏడాదీ పూడిక తీసే యంత్రమైన డ్రెడ్జర్‌కు కిరాయి కట్టాల్సి వస్తుంది. ద్వారం ఎగువ మూలలో ప్రవాహాన్ని వంచే గోడ కడితే సుడి బలహీనపడుతుంది. హాంబర్గ్ రేవులోని కోల్‌ఫ్లీట్ ద్వారం దగ్గర అలాంటిది కట్టారు.

మూడోది కంటికి కనబడదు, కాబట్టే లెక్కల్లోంచి జారిపోతుంది. బయటి నీటిలో ఉప్పు లోపలికంటే కాస్త ఎక్కువగా ఉంటే, ఆ బరువైన నీరు అడుగున చొచ్చుకొస్తుంది. లోపలి తేలిక నీరు పైనుంచి బయటికి జారిపోతుంది. లీటరుకు గ్రామున్నర లోపు ఉప్పు తేడా, 4 మీటర్ల లోతు ఉంటే చాలు, ఆ అడుగు ప్రవాహం సెకనుకు సుమారు 9 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. 200 మీటర్ల మెరీనాను నలభై నిమిషాల్లోపే దాటేస్తుంది. పైన నీరు అద్దంలా ఉంటుంది, ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. బురద ఎక్కువగా ఉండేది అడుగు పొరలోనే కాబట్టి ఈ దారిన వచ్చే ఘనపు మీటరు నీరు, పోటుతో పైపైన వచ్చే ఘనపు మీటరు కంటే ఎక్కువ మట్టిని తెస్తుంది. నదీముఖాల్లో ఈ దారి ఒక్కటే మిగతా రెండింటి మొత్తాన్ని మించిపోవచ్చు.

మీ మెరీనాలో ఏ దారి పెద్దదో తెలుసుకోవడానికి ఖరీదైన నమూనాలు అక్కర్లేదు. ద్వారం దగ్గర ఒక ఉప్పు మీటరు, ఒక టర్బిడిటీ మీటరు తీసుకుని, పెద్ద పోటు రోజున ఒకసారి, చిన్న పోటు రోజున ఒకసారి, పదమూడు గంటలపాటు ప్రతి అరగంటకూ ఉపరితలం కింద అర మీటరు దగ్గర, నడి లోతులో, అడుగుకు అర మీటరు పైన రాసుకోవాలి. టర్బిడిటీ మీటరు చూపేది మసకను, మట్టి బరువును కాదు. కాబట్టి ఆ రోజే డజను సీసాల నీరు పట్టి, వడపోసి, ఆరబెట్టి, తూచి, మీటరు అంకెను మిల్లీగ్రాములతో జత కట్టాలి. ఈ జత కట్టే పని వదిలేసిన కొలతలు తర్వాత ఎందుకూ పనికిరావు.

నీరు మారడానికి ఎన్ని రోజులు

ఇప్పుడు తాడు రెండో కొస. పై మెరీనాలోనే పోటులో మొత్తం నీరు లక్ష ఘనపు మీటర్లు, అందులో 40 శాతం కొత్తగా వచ్చింది. అయితే ఆటుకు బయటికి పోయిన నీరే సగం తిరిగి లోపలికి వస్తుంది. నిజంగా మారేది 20 శాతం. ఒక పోటు తర్వాత పాత నీరు 80 శాతం, రెండో పోటు తర్వాత 64. ఇలా పది పోట్లు, అంటే ఐదు రోజులు గడిస్తే పదో వంతు మిగులుతుంది. ఇది ఫర్వాలేదు.

కానీ ఇది సగటు. మూలలో ఉన్న నీటికి మార్పిడి 5 శాతమే కావచ్చు. అక్కడ అదే పదో వంతుకు చేరడానికి 45 పోట్లు, 23 రోజులు. మెరీనా మొత్తానికి ఐదు రోజులని నివేదికలో రాసి, ఆ మూలలోనే పడవల మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు పెట్టిన ప్లాన్లు ఉంటాయి. సగటును నమ్మకూడదు. రంగు నీళ్లు, అంటే రోడమిన్ లాంటి హాని లేని రంగు, పోటు మొదట్లో మూలల్లో వదిలి చూస్తే నిజం తెలుస్తుంది. అనుమతి దొరకని చోట నారింజ పండ్లు వదిలినా ఉపరితలం కదలిక వరకు అర్థమవుతుంది.

ఆకారానిదే ఇక్కడ పెద్ద పాత్ర. పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించకూడదు, రెండు రెట్ల లోపు ఉంటే ఇంకా మేలు. లోపలి మూలలు గుండ్రంగా ఉంటే ఒకే సుడి మెరీనా అంతా తిరుగుతుంది. చదరపు మూలలుంటే ప్రతి మూలా తన చిన్న సుడితో తనే తిరుగుతూ బయటి నీటికి దూరమవుతుంది. ద్వారం దగ్గరికంటే లోపల లోతు ఎక్కువగా ఉండకూడదు. లోపల గొయ్యిలా తవ్వేస్తే అడుగు నీరు బయటికి రావడానికి దారే ఉండదు.

మార్పిడి పెంచాలా తగ్గించాలా అనే ప్రశ్నకు జవాబు బయటి నీరే చెప్పాలి. బయట లీటరుకు 10, 20 మిల్లీగ్రాముల మట్టి మాత్రమే ఉండే రాతి తీరంలో అడ్డుగోడకు తూములు పెట్టండి, నీటిని ధారాళంగా పారనివ్వండి. పూడిక పెద్దగా రాదు. బయట వందల మిల్లీగ్రాములు ఉండే నదీముఖంలో అవే తూములు బురద గొట్టాలవుతాయి. అలాంటి చోట తూము అడుగుకు కాక పై పొరకు తెరుచుకోవాలి, దానికి తలుపు ఉండాలి, వరద రోజుల్లో మూసెయ్యాలి. ద్వారం అడుగున కట్టే గడప కూడా బరువైన అడుగు ప్రవాహాన్ని ఆపుతుంది. కాకపోతే అదే గడప లోపలి అడుగు నీటినీ బయటికి పోనివ్వదు. దాని వెనక ఆక్సిజన్ ఎలా ఉందో ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉంటేనే గడప కట్టాలి.

పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో కార్డిఫ్ బే చెబుతుంది. 1999లో ఆనకట్ట పూర్తయ్యాక ఆటుపోట్ల బురద మైదానం మంచినీటి సరస్సుగా మారింది. అందులో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదని 1993 నాటి చట్టం కిందే షరతు ఉంది. దాన్ని నిలబెట్టడానికి అడుగున గాలి గొట్టాలు పరిచి, పైన ఆక్సిజన్ కలిపే బార్జిని కూడా తిప్పాల్సి వచ్చింది. ఆటుపోట్లు ఉచితంగా చేసే పనిని కంప్రెసర్లకు అప్పగిస్తే దానికి ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టాలి.

అడుగు బురదను చేతిలోకి తీసుకుంటే

రెండు అంగుళాల పారదర్శక గొట్టాన్ని బురదలోకి నిలువుగా దించి, పైన మూత బిగించి నెమ్మదిగా పైకి లాగండి. వెలుతురులో పట్టి చూడండి. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు లేత గోధుమ రంగులో, మెత్తగా, కొన్నిచోట్ల పురుగులు చేసిన సన్నటి రంధ్రాలతో ఉంటే ఆ మెరీనా ఊపిరి పీలుస్తోంది. ఆ గోధుమ పొర లేకుండా పైనుంచే నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తూ, మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన కొడితే అడుగున ఆక్సిజన్ అయిపోయింది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ నల్ల బురదను ప్రొపెల్లర్ ఒక్కసారి రేపినా అది నీటిలోని ఆక్సిజన్‌ను గబగబా లాగేసుకుంటుంది. ఆటు వేళ పెద్ద పడవ తిరిగిన గంటకు చేపలు తేలడం వెనక చాలాసార్లు ఉండేది విషం కాదు, ఇదే.

30 డిగ్రీల సముద్రపు నీటిలో ఆక్సిజన్ నిండుగా కరిగినా లీటరుకు సుమారు 6.2 మిల్లీగ్రాములే. 5 కంటే తగ్గితే చేపలు ఇబ్బంది పడతాయి, 2 దిగువన చాలా జీవులు బతకవు. అంటే వేసవిలో మనకున్న వెసులుబాటు మిల్లీగ్రాము పైచిలుకే. కొలిచే వేళ చాలా ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికి నాచు ఆక్సిజన్ తయారుచేస్తూ ఉంటుంది, మీటరు గొప్ప అంకెలు చూపిస్తుంది. అదే నాచు రాత్రంతా ఊపిరి పీల్చి తెల్లవారేసరికి అంతా తాగేస్తుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు, అడుగుకు అర మీటరు పైన కొలవండి. ఉపరితలంలో మధ్యాహ్నం తీసిన కొలత ఒక్కటే ఉన్న రికార్డుతో నీటి పరిస్థితి చెప్పలేం.

లోపలే పుట్టే కాలుష్యం

పడవ అడుగున నాచు, గవ్వలు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింటులో ఎక్కువగా ఉండేది రాగి. అది మెల్లగా కరిగి నీటిలో కలవడమే దాని పని. ఒక్కో పడవ నుంచి వచ్చేది కొంచెమే, కానీ వందల పడవలు ఒకే నిలవ నీటిలో ఉంటాయి. శాన్ డియేగోలోని షెల్టర్ ఐలాండ్ యాట్ బేసిన్ దీనికి బాగా పరిశీలించిన ఉదాహరణ. రెండు వేలకు పైగా పడవలున్న ఆ బేసిన్‌లో కరిగిన రాగిని తగ్గించడానికి 2005లో పరిమితి పెట్టారు. లీటరుకు 3.1 మైక్రోగ్రాములు దాటకూడదన్నది లక్ష్యం, దానికోసం వచ్చే రాగిని 76 శాతం తగ్గించాలన్నారు. లెక్క తీస్తే 93 శాతం రాగి పడవలు ఊరికే కట్టి ఉన్నప్పుడు పెయింటు నుంచి కరిగినదే, నీటిలో ఉంచి అడుగు రుద్దినప్పుడు వచ్చేది 5 శాతం. రుద్దే వాళ్లను ఆపితే సరిపోతుందనుకునే వాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పెయింటు మారితే తప్ప నీరు మారదు. ఏడాదిలో ఎక్కువ భాగం కట్టేసే ఉండే పడవకు రాగి తక్కువ కరిగే పెయింటు, లేదా రాగి లేని పూత సరిపోతుంది. రుద్దక తప్పనప్పుడు మెత్తటి గుడ్డతో, తరచుగా, తేలికగా రుద్దాలి. గట్టి బ్రష్షుతో ఏడాదికోసారి గీకితే నీటిలో రంగు మబ్బు లేస్తుంది.

కరిగిన రాగిలో కొంత మట్టి రేణువులకు అంటుకుని వాటితో పాటే అడుగు చేరుతుంది. పూడిక కథ, నీటి కథ మళ్లీ ఇక్కడ కలుస్తాయి. ఒకప్పుడు ఈ పెయింటుల్లో కలిపిన టీబీటీ అనే ట్రైబ్యుటైల్ టిన్ కూడా పాత బురదలో దాగి ఉండవచ్చు. ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పలు దెబ్బతిన్నాక ఫ్రాన్స్ 1982లో 25 మీటర్ల లోపు పడవలకు దాన్ని ఆపింది. ప్రపంచమంతటికీ వర్తించే ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. అదే ఒప్పందం కింద, ఈ పెయింటుల్లోనే వాడే మరో రసాయనం సైబ్యుట్రిన్‌ను 2023 జనవరి 1 నుంచి నిషేధించారు. పెయింటు డబ్బాల మీంచి ఆ పేర్లు పోయాయి కానీ ఆక్సిజన్ లేని బురదలో టీబీటీ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత మెరీనాలో లోతుగా తవ్వే ముందు పై పొరనొక్కదాన్నే పరీక్షించి సరిపెట్టుకోకూడదు.

ఒడ్డు మీద పడవలు కడిగే చోటు మరో పెద్ద దారి. నేల కాంక్రీటుతో, చుట్టూ చిన్న గట్టుతో, ఒక శాతం నుంచి రెండు శాతం వాలుతో ఉండి, నీరంతా ఒక గుంతలోకి చేరాలి. అక్కడ రేణువులు దిగాక వడపోత దాటి మురుగు కాలువకో, మళ్లీ కడగడానికో పోవాలి. పాత పెయింటు అరగదీసే సాండింగ్ యంత్రానికి వాక్యూమ్ గొట్టం తప్పనిసరి. గుంతలో దిగిన రంగు మట్టి మామూలు చెత్త కాదు, రాగి నిండిన ప్రమాదకర వ్యర్థంగానే దాన్ని పంపించాలి.

మురుగుకు తిరుగులేని పరిష్కారం ఒక్కటే: పడవలో నిలవ ట్యాంకు, ఆ ట్యాంకును ఖాళీ చేయడానికి ఒడ్డున పని చేసే పంప్ అవుట్. పని చేసే అన్న మాట ముఖ్యం. పంపు చెడిపోయి వారం దాటితే ట్యాంకులు ఎక్కడ ఖాళీ అవుతాయో నీటి పరీక్షే చెబుతుంది. ఉప్పునీటిలో చూడాల్సింది ఎంటెరోకాకస్ బాక్టీరియా. 100 మిల్లీలీటర్లకు 35 కాలనీల జ్యామితీయ సగటును స్నానానికి తగిన నీటికి హద్దుగా అమెరికా పర్యావరణ సంస్థ సూచిస్తుంది.

నూనె విషయంలో రెండు మాటలు. పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు దానంతటదే నడిచే రకమైతే, కింద నూనె పీల్చే దిండు లేకుండా ఉంచకూడదు. నీటి మీద పడిన నూనెపై డిటర్జెంటు చల్లకూడదు. పొర కనబడకుండా పోతుంది కానీ నూనె నీటిలో కలిసి అడుగుదాకా చేరుతుంది, పీల్చే దిండుకు దొరక్కుండా కూడా పోతుంది.

ఇక వాననీటి కాలువ. ఊరి వీధుల నీటిని మెరీనా లోపలి మూలలోకి వదలడం అన్నింటికంటే సులువుగా తప్పించగలిగిన తప్పు. మార్పిడి అతి తక్కువ ఉన్న చోటికే మట్టి, నూనె, చెత్త నేరుగా చేరుతాయి. కాలువను అడ్డుగోడ బయటికి మళ్లించడం కుదిరితే అదే చేయాలి. కుదరకపోతే నోటి దగ్గర మట్టి దిగే గది కట్టి, వానాకాలానికి ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి ఖాళీ చేయాలి. సగం నిండిన గదిలో కొత్త వాన పడితే అది మట్టిని పట్టకపోగా, పాతదాన్ని కూడా లేపి పంపుతుంది.

లోతు కొలవడంలో మోసపోయే చోటు

మెత్తటి బురద ఉన్న చోట అడుగు ఎక్కడుందన్నదే చిక్కు ప్రశ్న. ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్ 200 కిలోహెర్ట్జ్‌దైతే, దాని ధ్వని పైనున్న పలచటి బురద మీదే తగిలి వెనక్కొస్తుంది. 24 నుంచి 33 కిలోహెర్ట్జ్ ధ్వని దాన్ని చీల్చుకుని గట్టి పొరదాకా పోతుంది. రెండింటి మధ్య అర మీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తేడా ఉండవచ్చు. ఆ మధ్య పొర పలచటి గంజిలాంటిది, చాలా పడవలు దానిలోంచి పోగలవు. రోటర్‌డ్యామ్ రేవులో ఘనపు మీటరుకు 1,200 కిలోల సాంద్రత ఉన్న మట్టాన్నే ఓడల అడుగుగా లెక్కిస్తారు. చిన్న పడవలకు ఆ హద్దు యథాతథంగా సరిపోదు. కీల్ పోగలిగినా, చల్లబరిచే నీటి గొట్టం గంజిని పీల్చుకుని, ఆ నీటి పంపులో తిరిగే చక్రం, ఇంపెల్లర్, అరిగిపోతుంది.

పడవలు కట్టే తేలే వేదికలు, అంటే పంటూన్ల మధ్య సర్వే పడవ దూరదు. అక్కడ గడే గతి. గడ చివర 15 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెం బిగించండి, లేకపోతే గడ బురదలో దిగిపోయి లేని లోతు చూపిస్తుంది. ప్రతిసారీ అదే గడ, అదే పళ్లెం, అవే చోట్లు, పక్కన ఆటుపోట్ల కొలబద్ద. ఏడాదికి రెండుసార్లు, వరదకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. రెండు సర్వేల తేడాను మ్యాపు మీద రంగుల్లో పరిచినప్పుడు ఏ దారి బురద తెస్తోందో దాదాపు కళ్లకు కడుతుంది.

తీయడం, ఎక్కడ వేయడం

యంత్రం ఎంచుకునే ముందే బురదను ఎక్కడ వేస్తారో తేలాలి. ఈ క్రమం తలకిందులైతే పని మధ్యలో ఆగుతుంది. సముద్రంలో వేయాలంటే 1972 లండన్ ఒప్పందం, దాని 1996 ప్రోటోకాల్ ప్రకారం మట్టిని పరీక్షించి అనుమతి తీసుకోవాలి. రాగి, జింక్, సీసం, టీబీటీ, నూనె అవశేషాలు హద్దు దాటితే ఒడ్డుకే చేర్చాలి, అది చాలా ఖరీదు. అందుకే ముందే నమూనాలు తీసి, కలుషితమైన మూలను శుభ్రమైన భాగం నుంచి విడిగా గుర్తించి, విడిగా తవ్వడం మంచిది. రెండింటినీ కలిపేస్తే మొత్తం కలుషితం కింద లెక్కే.

అడుగును కోసి పీల్చే కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ వేగంగా పని చేస్తుంది కానీ బురదకు నాలుగైదు రెట్ల నీటిని కలిపి పంపుతుంది. 3,500 ఘనపు మీటర్ల పూడికకు అన్ని రెట్ల నీరు నిలిచే చెరువు కావాలి, లేదా జియోట్యూబులు, అంటే నీటిని వదిలి మట్టిని పట్టే పెద్ద గుడ్డ సంచులు కావాలి. జియోట్యూబుల్లో రేణువులను ముద్ద కట్టించే పాలిమర్ మోతాదే ప్రాణం. ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు గాజు పాత్రల్లో మూడు నాలుగు మోతాదులు కలిపి, ఏది పెద్ద ముద్దలు కట్టి తేట నీరు వదులుతుందో చూడాలి. తక్కువైతే ట్యూబు గుడ్డ రంధ్రాలు పూడుకుపోతాయి, ఎక్కువైతే జిగురు పట్టి నీరు దిగదు. గ్రాబ్, లాంగ్ రీచ్ ఎక్స్‌కవేటర్‌లతో నీరు తక్కువ వస్తుంది, పంటూన్ల పక్కన చేయి చాస్తుంది, కానీ బకెట్ పైకి లేచేటప్పుడు బురద కారుతుంది. కలుషిత మట్టికి మూత ఉన్న బకెట్టే వాడాలి.

శుభ్రమైన మెత్తటి బురదకు నీటి ఇంజెక్షన్ పద్ధతి చవక. తక్కువ ఒత్తిడితో ఎక్కువ నీటిని అడుగులోకి చిమ్మి, బురదను పలచన చేసి, ఆటు వేళ వాలు వెంబడి బయటికి జారనిస్తారు. వాలు బయటి వైపు లేకపోతే అది పక్క బెర్తుల (పడవలు నిలిపే చోట్ల) కిందికి పోయి కూర్చుంటుంది. ఇసుకకు ఇది పనికిరాదు.

తవ్వేటప్పుడు లేచిన బురద బయటికి పోకుండా నీటిలో వేలాడదీసే బురద తెర చుట్టూ కట్టగానే పని అయిపోలేదు. సెకనుకు అర మీటరు దాటిన ప్రవాహంలో తెర గాలిపటంలా పైకి లేస్తుంది. ఆటు మట్టంలోనూ అడుగుకు అర మీటరు పైన ఆగేలా పొడవు ఉండాలి, లేకపోతే తెర కొస బురదలో కూరుకుని చిరుగుతుంది. స్తంభాల మొదళ్ల దగ్గర, గోడ పాదం దగ్గర డిజైన్ మట్టం దాటి ఒక్క బకెట్ కూడా తీయకూడదు. వాటిని నిలబెట్టేది ఆ మట్టే. మెత్తటి బురదలో పక్కవాలు ఒకటికి ఐదు, ఇసుకలో ఒకటికి మూడు ఉంచకపోతే వారాల్లోనే పక్కల మట్టి జారి తవ్విన గుంతలోకి వస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో, వేసవిలో ఆక్సిజన్ అడుగంటిన వారాల్లో తవ్వకూడదు.

తవ్వకుండానే బురదను తినేస్తాయంటూ అమ్మే బాక్టీరియా గుళికల సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆరిన బురదను తూచి, 550 డిగ్రీల దగ్గర కాల్చి, మళ్లీ తూచండి. తగ్గిన బరువు సేంద్రియ పదార్థం. అది 8 శాతమైతే మిగిలిన 92 శాతం మట్టిని ఏ బాక్టీరియా తినదు. గాలి బుడగల యంత్రాలు మాత్రం మూలల్లో ఆక్సిజన్‌కు నిజంగా మేలు చేస్తాయి. గొట్టాన్ని బురద మీద పడేయకుండా 40 సెంటీమీటర్ల పైన వేలాడదీయాలి, లేకపోతే బుడగలే బురదను రేపుతాయి. వాటితో పూడిక తగ్గదు.

చివరగా, ఎంత లోతు తవ్వాలి? ఏడాదికి 18 సెంటీమీటర్లు పూడే మెరీనాలో 54 సెంటీమీటర్లు అదనంగా తవ్వితే మూడేళ్లు నిశ్చింత అని లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పుతుంది. లోతు పెరిగితే లోపలి నీరు ఇంకా మందగిస్తుంది, అడుగున చొచ్చుకొచ్చే బరువైన నీటికి దారి ఇంకా పెద్దదవుతుంది, మొదటి ఏడాది పూడిక 18 కాక 25 దాటవచ్చు. ద్వారం కంటే లోపల లోతు పెరిగితే ఆ గోతిలో ఆక్సిజన్ కూడా పోతుంది. అతి పెద్ద కీల్‌కు ఆటు మట్టంలో అర మీటరు ఖాళీ, దానిమీద ఒకటిన్నర ఏడాది పూడిక, తవ్వే యంత్రం పొరపాటుకు 20 నుంచి 30 సెంటీమీటర్లు. అంతకు మించి తవ్వమని ఎవరైనా అంటే, గత రెండు సర్వేల తేడా మ్యాపు, తెల్లవారుజామున అడుగున తీసిన ఆక్సిజన్ అంకెలు బల్ల మీద పెట్టి మాట్లాడండి.